నీకేమి కావాలని అడిగామా?

కొన్ని సంవత్సరముల క్రితము మేము కాపరిగా ఉన్న ఒక గ్రామ సంఘములో, కొబ్బరి దింపు పని చేసుకొనే సహోదరుడు ఒకడు చెట్టు మీదనుండి జారి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. ప్రాణము దక్కింది గాని నడుము క్రింది భాగమంతా చచ్చుబడిపోయింది. అప్పటికి అతనికి ముప్పది ఏండ్లు కూడా నిండలేదు. ఇద్దరు పసిబిడ్డలు. భార్య కూలికి పోతే గాని ఇల్లు గడవదు.

ఆ సంవత్సరము క్రిస్మసుకు అతనికి ఏదైనా సహాయము చేయాలని సంఘ పెద్దలతో కలిసి ఆలోచించాము. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ము ఇచ్చారు. యౌవనస్థులు ఇంటింటికి తిరిగి పాటలు పాడి చందా పోగు చేశారు. చేతితో త్రిప్పుకొనే మూడు చక్రాల బండి ఒకటి కొన్నాము. దానికి రంగు కాగితాలు చుట్టి, ఆరాధన అయిన తరువాత ప్రార్థన చేసి అతనికి అప్పగించాము. ఫోటో కూడా తీయించాము. సంఘమంతా సంతోషించింది. అతడును చేతులు జోడించాడు.

ఈస్టరు దాటిన తరువాత ఒక మధ్యాహ్నము వారింటికి వెళ్ళాము. బండి చూరు క్రింద ఉన్నది. సీటు మీద కోడిపెట్ట పొదుగుతున్నది. చక్రాలు తుప్పు పట్టాయి. మాకు మనస్సు చివుక్కుమన్నది.

"ఏమయ్యా, సంఘమంతా కష్టపడి కొన్న బండిని ఇలా చేశావేమి?" అని అడిగాము.

"తప్పేనండి అయ్యగారూ. కానీ మా వీధంతా ఇసకండి. చక్రం దిగబడిపోద్ది. నన్ను గడప దాటించి బండెక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలండి. అదొక్కత్తే ఏం మోస్తదండి?" అన్నాడు.

"మరి ఆనాడే చెప్పలేదేమి?"

"మీరు అడగలేదు కదండి."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మంచము ప్రక్కన కూర్చున్నాము. "ఇప్పుడు అడుగుతున్నాము. నీకు అన్నిటికంటె ఎక్కువ ఇబ్బంది ఏది?" అన్నాము. "ఏమీ లేదండి, దేవుడి దయవల్ల బాగానే ఉన్నామండి" అన్నాడు. మన ఊళ్ళలో మొదటి జవాబు ఎప్పుడూ అదే. కొంతసేపు కూర్చుండి మరల అడిగితే, భార్య వినకుండా మెల్లగా చెప్పాడు. తెల్లవారకముందే ఆమె అతనిని మోసుకొని పెరటిలోనికి తీసుకొనిపోవాలి. ఆమె కూలికి పోయిన తరువాత పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. అందుచేత అతడు పగటివేళ నీళ్ళు త్రాగడమే మానుకున్నాడు. ఎండాకాలములో కూడా సాయంకాలము వరకు గొంతు తడుపుకొని ఊరుకుంటున్నాడు.

వెన్ను దెబ్బతిన్నవారు నీళ్ళు తక్కువ త్రాగితే ఎంత ప్రమాదమో మాకు అప్పటికి తెలియదు. మూత్రము నిలువ ఉండిపోయి చీము పడుతుంది, రాళ్ళు పుడతాయి, చివరకు మూత్రపిండములు చెడి ప్రాణము మీదికి వస్తుంది. అతనికి కావలసినది బండి కాదు, తనంతట తాను ప్రాకిపోగలిగిన మరుగుదొడ్డి. అది అతనికి తెలుసు. మాకు తెలియదు. అయినను అతనికి ఏది మేలో మేమే నిర్ణయించాము.

యెరికో దారి ప్రక్కన కూర్చున్న బర్తిమయి గ్రుడ్డివాడని చూచినవారందరికీ తెలుసు. అతనికి ఏమి కావాలో వేరే అడగవలసిన పని ఏమున్నది అని మనము అనుకుంటాము. అయినను ప్రభువు ముందుగా అతనిని అడిగాడు, అతని నోటనుండి విన్నాడు, ఆ తరువాతనే బాగుచేశాడు. ఈ భాగముమీద మేము ఎన్నో ప్రసంగములు చేశాము. కాని అడగడము కూడా పరిచర్యలో భాగమని ఆ కోడిపెట్టను చూచిన తరువాత గాని మాకు తెలిసిరాలేదు.

చక్రాల కుర్చీలో డాక్టరమ్మ

మన రాయలసీమ, నెల్లూరు ప్రాంతములవారికి రాయవేలూరు పెద్దాసుపత్రి తెలియనిది కాదు. 1900 సంవత్సరములో ఐడా స్కడర్ దొరసానిగారు ఒకే ఒక పడకతో ఆరంభించిన వైద్యశాల అది. నేటికీ తెలుగువారు అక్కడికి రైళ్ళలోను బస్సులలోను వెళ్ళుచునే ఉన్నారు. మేము చెప్పబోయే డాక్టరు మేరీ వర్గీస్ గారు ఆ వైద్య కళాశాలలోనే చదువుకున్నారు.

ఆమె 1925లో కేరళలోని చెరాయి అను ఊరిలో పుట్టారు. డాక్టరు చదువు పూర్తిచేసి, స్త్రీల వైద్యములో ప్రత్యేక శిక్షణ పొందాలని ఆశించారు. 1954 జనవరి 30న స్నేహితులతో కలిసి వాహనములో వెళ్ళుచుండగా అది బోల్తాపడింది. వెన్ను దెబ్బతిని నడుము క్రింద స్పర్శ, కదలిక రెండును పోయాయి. నిన్నటివరకు రోగుల మంచముల మధ్య తిరిగిన డాక్టరు తానే రోగియై మంచము పట్టారు. ఇక తన చదువు దేనికి పనికివస్తుందని ఆమె కృంగిపోయారు.

ఆ రోజులలో వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ గారు కుష్ఠువలన వంకరపోయిన చేతివ్రేళ్ళకు శస్త్రచికిత్స చేసి సరిచేసేవారు. చేతి శస్త్రచికిత్స కూర్చుండి చేయవచ్చునని, ఆ పని నేర్చుకొనుమని ఆయన ఆమెను ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆ విద్య నేర్చుకున్నారు. కదలలేని డాక్టరమ్మ తమ చేతులు బాగుచేస్తుంటే కుష్ఠురోగులు ఆశ్చర్యముతో చూచేవారు. తమ బాధ ఎరిగిన మనిషి తమ ఎదుట ఉన్నదని వారికి ధైర్యము కలిగింది.

తరువాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు వెళ్ళి, కాళ్ళు లేకపోయినను తన పనులు తాను చేసుకొనే పద్ధతులు నేర్చుకున్నారు. అటుపిమ్మట అమెరికాలోని న్యూయార్కులో పునరావాస వైద్యము చదివారు. తిరిగివచ్చి 1963లో వేలూరులో ఆ విభాగము బాధ్యత వహించారు. 1966లో అక్కడ రోగులు నివసించి శిక్షణ పొందే పునరావాస సంస్థ ఆరంభమైంది. మన దేశములో అటువంటి వాటిలో అదే మొదటిది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1986లో ఆమె ప్రభువునందు నిద్రించారు.

శరీరములో స్పర్శ పోయినవారికి ఒకేచోట కదలక కూర్చుంటే చర్మము నలిగి పుండు పడుతుంది. నొప్పి తెలియదు గనుక ఎముక కనబడేవరకు కూడా కొందరు గమనించరు. పడుకున్నప్పుడు రెండేసి గంటలకు ప్రక్క మార్చాలి. కూర్చున్నప్పుడు చేతులు ఆనించి పది పదిహేను నిమిషములకు ఒకసారి శరీరమును పైకి ఎత్తుకోవాలి. ఈ సంగతి పుస్తకము చదివిన ఏ డాక్టరైనా చెప్పగలడు. కాని "నేనూ రోజూ ఇలాగే చేసుకుంటాను" అని చక్రాల కుర్చీలో కూర్చున్న డాక్టరు చెప్పినప్పుడు ఆ మాట వేరు. వినేవాడు దానిని ఆజ్ఞగా వినడు, దారి తెలిసినవారి మాటగా వింటాడు. ఆ సంస్థలో శిక్షణ పొంది ఇండ్లకు వెళ్ళినవారు రిహాబ్ మేళా పేరుతో మరల అక్కడ కలుసుకుంటారు. క్రొత్తగా దెబ్బతిని వచ్చినవారు వారిని చూచి, బ్రదుకు ఇంకా ఉన్నదని తెలుసుకుంటారు.

రోగులే గురువులు

కుష్ఠు వచ్చినవారి వ్రేళ్ళు ఆ రోగమువలననే కుళ్ళి రాలిపోతాయని పూర్వము వైద్యులు కూడా తలంచేవారు. బ్రాండ్ గారు దీనిని నమ్మక, రోగుల దినచర్యను వారితోనే కలిసి గమనించారు. ఒకసారి తుప్పుపట్టిన తాళము ఆయనకు తిరుగలేదు. బలహీనుడైన ఒక కుఱ్ఱవాడు దానిని సులువుగా త్రిప్పేశాడు. చూస్తే అతని వ్రేలు ఎముక కనబడేంతగా తెగి రక్తము కారుతున్నది. నొప్పి తెలియదు గనుక ఎంత బలము పెట్టుచున్నాడో అతనికే తెలియలేదు. తమ చేతులకు కొత్త గాయము కనబడినప్పుడెల్ల అది ఎక్కడ, ఎట్లు తగిలినదో రోగులు తామే వెదకసాగారు. కాలిన గిన్నె, మొరటు పిడి, బిగువైన చెప్పు, ఇలా ఒక్కొక్కటే తెలియవచ్చింది. కొందరి వ్రేళ్ళు రాత్రికి రాత్రే మాయమగుచుండెను. కాపలా ఉండి చూడగా, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నవని తేలింది. అప్పటినుండి ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లిని ఇచ్చి పంపేవారట. మందులషాపులో దొరకని మందు అది.

మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు తయారుచేసే పని కూడా ఆ ప్రాంతములోనే వృద్ధిచెందింది. అందరి పాదము ఒకటి కాదు. ఒకరికి మడమ అరిగింది, ఒకరికి బొటనవ్రేలు లేదు. కాబట్టి ఎవరి పాదమునకు తగిన చెప్పు వారికి కుట్టాలి. తొడిగి నడచి, ఎక్కడ ఒరుసుకుంటున్నదో చూచి మరల సరిచేయాలి. సహాయము చేసేవారందరూ ఈ చెప్పు సంగతి జ్ఞాపకముంచుకొనుట మంచిది.

కుష్ఠు ఎరిగినవారే తరువాత సంఘములుగా కూడి మాట్లాడసాగారు. తమిళనాడుకు చెందిన డాక్టరు పి. కె. గోపాల్ గారు విద్యార్థిగా ఉండగానే ఆ వ్యాధికి గురై, బాగుపడి, ఆ వ్యాధిగ్రస్తుల మధ్యనే సాంఘిక సేవకుడుగా పనిచేశారు. 1994లో వ్యాధి అనుభవించినవారే కలిసి ఐడియా అను అంతర్జాతీయ సంఘమును స్థాపించినప్పుడు ఆయన వారిలో ఒకరు. 2012లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, కుష్ఠు సేవలను రూపొందించుటలో ఆ వ్యాధి అనుభవించినవారికి పాలు ఉండాలని మార్గదర్శకములు వెలువరించింది. మన దేశములో కుష్ఠును విడాకులకు కారణముగా చూపవచ్చునని చట్టములలో ఉండేది. క్రైస్తవుల వివాహములకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో కూడా ఆ మాట ఉండేది. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బుకు భార్యాభర్తలను వేరుచేయడమేమిటని బాధితులు ఎంతోకాలము మొఱపెట్టగా, 2019లో ఆ మాటను తొలగించారు. అంతకాలము మన సంఘములనుండి ఎంతమంది అడిగామో మనలను మనము ప్రశ్నించుకోవాలి.

ఇతర దేశములలో

ఇదే పాఠము ఇతర దేశములు కూడా నేర్చుకున్నాయి. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అను బాలునికి 1953లో, పదునాలుగేండ్ల వయస్సులో పోలియో వచ్చి మెడ క్రింది భాగము చచ్చుబడింది. ఊపిరి పీల్చుటకు కూడా యంత్రము కావాలి. ఇతడు ఏ ఉద్యోగమునకు పనికిరాడని పునరావాస శాఖవారు సహాయము నిరాకరించారు. అతడు పట్టుబట్టి బర్క్లీ విశ్వవిద్యాలయములో చదివాడు. 1972లో వికలాంగులే నడుపుకొనే కేంద్రము ఒకటి అక్కడ ఏర్పడింది. దాని నాయకులలో అతడు ఒకడు. ఇల్లు వెదకుట, సహాయకుని కుదుర్చుకొనుట, చక్రాల కుర్చీ బాగుచేసుకొనుట వంటి పనులలో వికలాంగులకు వికలాంగులే సలహా ఇచ్చేవారు. 1975లో ఏ శాఖ అతనిని పనికిరాడన్నదో, ఆ శాఖకే కాలిఫోర్నియా గవర్నరు అతనిని అధిపతిగా నియమించాడు. ఇల్లు కట్టువారు త్రోసివేసిన రాయి సంగతి మనకు జ్ఞాపకము రాక మానదు.

ఇంగ్లండులోని హాంప్‌షైరులో లియొనార్డ్ చెషైర్ గారు 1948లో స్థాపించిన ఆశ్రమము ఉండేది. ప్రేమతోనే స్థాపించారు. అయినను కొందరు నివాసులు, "మా కొరకు ఈ ఆశ్రమమునకు ఇచ్చే సొమ్మే మాకిస్తే, మేము మా స్వంత ఇండ్లలో ఉండి మాకు నచ్చిన సహాయకులను పెట్టుకుంటాము" అని స్థానిక ప్రభుత్వమును అడిగారు. 1980ల ఆరంభములో వారి కోరిక నెరవేరసాగింది. 1996లో అక్కడ చట్టమే వచ్చింది. సహాయపు సొమ్ము అవసరమున్న మనిషి చేతికే ఇవ్వవచ్చునని, ఎవరు ఎన్ని గంటలకు వచ్చి స్నానము చేయించాలో అతడే నిర్ణయించుకొనవచ్చునని దాని భావము. 2014నుండి ఎక్కువ అవసరములున్న కొందరు రోగులకు వైద్యపు ఖర్చులో కూడా ఈ హక్కు వచ్చింది.

మన దేశమునకు అంత సొమ్ము లేదని అనవచ్చును. కాని అడుగుటకు సొమ్ము అక్కరలేదు. మన చట్టములును ఆ దారినే వచ్చాయి. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందమును భారతదేశము 2007లో అంగీకరించింది. దానిని బట్టి 2016లో వచ్చిన చట్టము గుర్తింపు పొందే వైకల్యములను 7నుండి 21కి పెంచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము, ఒకడు స్వస్థబుద్ధితో ఉన్నప్పుడే తనకు మరల జబ్బు చేస్తే ఏ చికిత్స చేయాలో, ఏది చేయరాదో, తన తరపున ఎవరు మాట్లాడాలో వ్రాసి ఉంచుకొనవచ్చును. మతి చలించినవాడని మనము ఎవరి మాట వినకుండా త్రోసివేస్తామో, అతని మాటకు చట్టము విలువ ఇచ్చింది.

మన ఇండ్లలో, మన సంఘములలో

మేము నేర్చుకున్న కొన్ని సంగతులు పాఠకులతో పంచుకొంటున్నాము.

రోగిని పరామర్శించ వెళ్ళినప్పుడు అతనితోనే మాట్లాడండి. మంచము మీద మనిషిని ఉంచుకొని "ఇతను అన్నం తింటున్నాడా? నిద్ర పడుతుందా?" అని ప్రక్కవారిని అడగడము మనకు అలవాటు. కాళ్ళు చచ్చుబడినవాని నోరు చచ్చుబడలేదు.

ఒకసారి అడిగి ఊరుకొనవద్దు. "ఏమీ వద్దండి" అనేది మర్యాద మాట. కూర్చోండి, మరల అడగండి. తెల్లవారినప్పటినుండి పడుకొనేవరకు దినము ఎలా గడుస్తుందో చెప్పించుకొనండి. కష్టము ఎక్కడున్నదో ఆ మాటల్లో బయటపడుతుంది. స్త్రీలు పాస్టరుతో చెప్పుకోలేని సంగతులుంటాయి. అక్కడికి అమ్మగారు గాని స్త్రీల సమాజములోని పెద్దమ్మలు గాని వెళ్ళాలి.

సేవ చేసేవారిని కూడా అడగండి. మేము చెప్పిన సహోదరుని భార్య నడుము నొప్పితో రాత్రులు నిద్రపోవడము లేదని మాకు చివరిగా తెలిసింది. ఆమెను ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె రోగి కాదు.

డాక్టరు మాటను ప్రక్కన పెట్టమని మా భావము కాదు. ఏ మందు ఎంత వేయాలో డాక్టరుకు తెలుసు. ఆ మందు వేసుకొని ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ కూలి డబ్బులతో ఎలా బ్రదకాలో రోగికి తెలుసు. రెండు తెలివులును కలిస్తేనే మేలు. రోగి కోరినదంతా ఇవ్వగలమని కూడా కాదు. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పవచ్చును. అడిగి లేదనుట వేరు, అడగకుండ మనకు తోచినది అంటగట్టుట వేరు.

అనుభవించినవానిని అనుభవించుచున్నవాని దగ్గరకు తీసుకొని వెళ్ళండి. క్షయ మందులు పూర్తిగా వాడి బాగుపడినవారు, పక్షవాతమునుండి లేచినవారు, త్రాగుడు మానినవారు ప్రతి సంఘములోను ఉన్నారు. వారిని సాక్ష్యము చెప్పించి కూర్చోబెట్టేస్తాము. వారితో కలిసి ఒక ఇంటికి వెళ్ళితే, ఆ ఇంటిలో అది మన ప్రసంగముకంటె బలముగా పనిచేయవచ్చును.

ఆ సహోదరుని సంగతి

మరుసటి నెలలో యౌవనస్థులు అతని పెరటిలో మరుగుదొడ్డి కట్టారు. ఈసారి గోడ లేపకముందే అతనిని మంచముతోకూడ పెరటిలోనికి తెచ్చి కూర్చోబెట్టాము. మేస్త్రీ తన అలవాటు ప్రకారము నడుము ఎత్తున ఇనుప గొట్టము బిగించబోయాడు. "నేను నిలబడి రాను కదండి, ప్రాకుతా వస్తాను. జానెడెత్తు చాలండి" అని అతడు చెప్పాడు. తలుపు బయటికి తెరుచుకోవాలన్నాడు. గడప వద్దన్నాడు. ఇంటినుండి అక్కడికి నునుపైన సిమెంటు బాట వేయించాము. ఆ వేసవిలో అతని మంచము ప్రక్కన నీళ్ళ కూజా కనబడింది.

మూడు చక్రాల బండిని అతడే మరొకరికి ఇప్పించాడు. తారు రోడ్డు ప్రక్కన చిల్లర కొట్టు పెట్టుకొని, చిన్ననాటి పోలియోతో బాధపడుచున్న ఒక సహోదరి ఉన్నదని అతనికి తెలుసు. ముందుగా ఆమెను అడగమని మాకు గట్టిగా చెప్పి మరీ పంపాడు. అడిగాము. కావాలన్నది. ఇప్పుడు ఆ బండిలోనే సరుకులు తెచ్చుకుంటున్నది.

తరువాత ప్రక్క ఊరిలో ఒక యౌవనుడు తాటిచెట్టు మీదనుండి పడి అదే స్థితిలో ఇంటికి వచ్చాడని విన్నాము. అతడు గోడవైపు తిరిగి పడుకొని ఎవరితోను మాట్లాడడము లేదట. మేము ఒంటరిగా వెళ్ళలేదు. ఆటో మాట్లాడి మన సహోదరుని కూడా తీసుకొని వెళ్ళాము. మా ప్రార్థన అయినంతసేపు ఆ కుఱ్ఱవాడు గోడనే చూచాడు. అప్పుడు మన సహోదరుడు, "తమ్ముడూ, నేనూ చెట్టు మీంచి పడ్డవాణ్ణే. ఇటు తిరుగు, ఒకటి చూపిస్తాను" అని, రెండు చేతులు మంచము పట్టెలమీద ఆనించి తన శరీరమును పైకి ఎత్తి చూపాడు.

ఆ కుఱ్ఱవాడు మెల్లగా ఇటు తిరిగాడు. "అన్నా, నీళ్ళు ఎక్కువ తాగితే మరి ఎలాగన్నా?" అని అడిగాడు.

మేము లేచి బయట అరుగుమీద కూర్చున్నాము. వారిద్దరి మాటలు సాయంకాలము వరకు సాగాయి.